వంకాయ మాస్టారి చెయ్యి

ఆ బడిలో డ్రాయింగు మాస్టారి అసలు పేరు పిల్లలెవరూ పట్టించుకోలేదు. ఏటా మొదటి పాఠం వంకాయే కాబట్టి ఆయన వంకాయ మాస్టారు. బల్లమీద ఒక వంకాయ పెట్టి మూడు వారాలు దాన్నే గీయించేవాడు.

"ముడతలు పడిపోయింది మాస్టారూ!" అని పిల్లలు గోలపెడితే, "ఆ ముడతలూ గీయండర్రా. మీకు తెలిసిన వంకాయ కాదు, కళ్లెదుట ఉన్న వంకాయ కావాలి నాకు" అనేవాడు. నీటిరంగులు వేసేటప్పుడు మెరుపున్న చోట కాగితాన్ని తెల్లగా వదిలెయ్యాలని వాళ్లకు నచ్చజెప్పేసరికి ఆయనకు తలప్రాణం తోకకు వచ్చేది.

యాభై నాలుగో ఏట కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందుగా కనిపెట్టింది అక్క. బట్టలు కుట్టి తమ్ముణ్ణి చదివించిన మనిషి. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా ఉంటే ఇట్టే పసిగట్టింది.

"చలికిలేవే" అన్నాడు.

"ఎండ మండిపోతుంటే చలేమిట్రా?"

డాక్టరు మందులు రాశాడు. తగ్గుతుందని మాత్రం అనలేదు.

బడిలో ఎవరికీ చెప్పలేదు. బోర్డు మీద గీసేటప్పుడు ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఎలాగో నెట్టుకొచ్చాడు. ఒకరోజు ఆరో తరగతి వాళ్ల బొమ్మలు దిద్దడానికి కూర్చున్నాడు. ముప్పై ఆరు కాగితాల మీద ముప్పై ఆరు ఆకులు. రంగులు చక్కగా కుదిరాయి. కానీ సగానికి పైగా ఆకుల అంచులు వణుకుతున్నాయి. క్లాసులో అందరికంటే చెయ్యి తిరిగిన పిల్ల ఆకు మరీనూ.

ఆ పిల్లను పిలిచాడు. "ఆకు అంచు ఇలాగే ఉందామ్మా?"

"లేదండీ, నున్నగానే ఉంది."

"మరి ఇలా గీశావేం?"

"మీరు అలాగే గీస్తారు కదండీ! ఇంటిదగ్గర కూర్చుని నేర్చుకున్నా. భలే కష్టమండీ" అంది గర్వంగా.

ఆ సాయంత్రం అక్కతో, "చూసింది గీయమని పాతికేళ్లు మొత్తుకున్నా. చివరికి నా రోగం నేర్పానే" అన్నాడు. అక్క కుట్టు పక్కన పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. ఎంత గట్టిగా పట్టుకున్నా అది ఆగలేదు.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తర్వాత క్లాసుకు వెళ్లి, బొమ్మలు తిరిగిచ్చి, చెయ్యి చాపి చూపించాడు. "ఇది జబ్బర్రా, పనితనం కాదు. మీ చేతులు నిక్షేపంలా ఉన్నాయి. మీ గీత మీరు గీసుకోండి."

ఆ పిల్ల రబ్బరు తీసుకుని తన ఆకు అంచు చెరపసాగింది. రంగు పోలేదు, కాగితం చిరిగింది.

డ్రాయింగు పీరియడు లెక్కలకు పోయింది. మాస్టారికి లైబ్రరీ అప్పగించారు. పిల్లలు అడిగిన పుస్తకాన్ని ఆయన చేతికందించడు. బల్లమీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంటాడు.