మైకు లేని హాలు

క్యాంటీన్‌లో టీ గిన్నె మీద మూత తీయగానే ఫుదీనా, నిమ్మగడ్డి కలిసి మరిగిన వాసన నా గది దాకా వస్తుంది. ఆ రెండూ వెయ్యకపోతే సూరత్‌లో దాన్ని టీ అనరు. ఆ వాసన తగిలిందంటే చాలు, ఎదురు కుర్చీలో నయనాబెన్ కూర్చున్నట్టే చీర కొంగు సర్దుకుంటాను. బెన్ అంటే గుజరాతీలో అక్క. ఇక్కడ టీచర్లనూ అలాగే పిలుస్తాం. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో మా సోషియాలజీ శాఖకు ఆవిడే అధిపతి. ఇప్పుడు అదే శాఖలో నేను పాఠాలు చెబుతున్నాను. ఆవిడ పోయి ఎంతోకాలం కాలేదు గానీ, ఇప్పటి పిల్లలకు ఆవిడ గోడ మీద ఫొటో మాత్రమే. నాకది నచ్చదు. అందుకే రాస్తున్నాను.

మాది తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబం. సూరత్ శివారు వడోద్‌లో ఇల్లు, ఇంటి గోడకు ఆనుకుని మరమగ్గాల షెడ్డు. నాన్న అందులోనే పనిచేసేవాడు. ఆ మోతలో ఉప్పు డబ్బా అందించమనాలన్నా అరవాల్సిందే. మా వాడకట్టులో మామూలు మాటే తిట్టులా వినిపిస్తుంది, నిజంగా తిడితే ఇక చెప్పక్కర్లేదు. ఆ గొంతుతోనే నేను యూనివర్సిటీలో అడుగుపెట్టాను. మొదటి వారం క్లాసులో ఏదో ప్రశ్న వేస్తే లేచి జవాబు చెప్పాను. జవాబు సరైనదే. కానీ ముందు వరుసలో కృపా రెండు చెవులూ మూసుకుంది. డబ్బున్నవాళ్లుండే ఆల్థాన్ నుంచి స్కూటీ మీద వచ్చే అమ్మాయి, చక్కని ఇంగ్లిష్. “ధీమే బోల్ నే, యార్! మెల్లగా మాట్లాడు!” అంది. క్లాసంతా గొల్లుమంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “అంత సుకుమారమైన చెవులైతే ఇంట్లో దాచిపెట్టుకుని రా!” అన్నాను, అదీ అరుస్తూనే. ఇంకా నవ్వారు.

ఆనాటి నుంచి నా పేరు భోంపూ, అంటే బస్సు హారన్. మెల్లగా మాట్లాడదామని చూస్తే మాటే పెగిలేది కాదు. సరే, మీకూ వద్దు నాకూ వద్దని నోరు మూసుకున్నాను. అయితే అందరి ముందూ నిలబడి సెమినార్ ఇవ్వనివాళ్లు పాస్ కారు. ఆ రోజు దగ్గరపడేసరికి యూనివర్సిటీకి వెళ్లడమే మానేశాను.

“ఏంది బిడ్డా, కాలేజి బంజేసినవా?” అంది అమ్మ.

“నాకీ సదువొద్దే అమ్మా. సచిన్ దిక్కు ఫ్యాక్టరీల చీరెలు మడతవెట్టే పని ఉన్నదట. గదే చేస్కుంట.”

“గింత దూరమొచ్చి గిట్లంటవేందే!” అని అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఆవిడ చూడకుండా.

ఆ వారమే నయనాబెన్ ఆటో దిగి మా గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడది పక్కవాళ్లకు మాత్రమే వినిపించే గొంతు. పక్కన మగ్గాలు ధడధడలాడుతున్నాయి. ఆవిడ ఏదో అడిగారు. అమ్మ “ఆఁ?” అంది. మళ్లీ అడిగారు, అమ్మ మళ్లీ “ఆఁ?” అంది. షెడ్డులోంచి వచ్చిన నాన్న, ఇంటికొచ్చిన పెద్దమనిషిని మాటిమాటికీ అడిగితే బాగుండదని, ఒక్క ముక్క వినబడకపోయినా “అచ్ఛా, అచ్ఛా” అంటూ తలూపాడు. తీరా ఆవిడ అడుగుతున్నది, “అమ్మాయిని చదువు మానిపించేశారా?” అని! పాపం, ఆవిడ ముఖం పాలిపోయింది. నేను పరుగున వచ్చి, మోతలో వాళ్లకు ఏమీ వినబడలేదని చెప్పాక కొంగు నడుముకు దోపి, ఉన్న బలమంతా తెచ్చుకుని హిందీలో అరిచారు. “మీ అమ్మాయి చదవాలి!” షెడ్డులోవాళ్లు తొంగిచూశారు. అమ్మకు నవ్వాగలేదు. “మేడం, జర నీళ్లు తాగుండ్రి” అంటూ చెంబు అందించింది.

నేను మానేసిన కారణం విని ఆవిడ, “సెమినార్ ఇక్కడే పెడదామా? అందరినీ తీసుకొస్తాను” అన్నారు.

“మా ఇల్లేమన్నా జూనా బెన్, టికెట్ కొనుక్కుని చూసిపోవడానికి?” అనేశాను. అన్నాక భయం వేసింది.

“నిజమే, తప్పుగా అన్నాను” అన్నారు ఆవిడ. అంత చదువుకున్నవాళ్లు నాతో ఆ మాట అనడం అదే మొదలు. “నువ్వు రా. మిగతాది నేను చూస్తాను.”

సెమినార్ రోజు వెళ్లేసరికి మేం రోజూ కూర్చునే చిన్న గదికి తాళం వేసి ఉంది. సెమినార్లన్నీ పెద్ద హాల్లో, అదీ మైకు లేకుండా అన్నారు. నయనాబెన్ మమ్మల్నందరినీ చివరి వరుసల్లో కూర్చోబెట్టి తానూ అక్కడే కూర్చున్నారు. ముందు కృపా వేదికెక్కింది. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం సగం హాలు కూడా దాటలేదు. “వినబడట్లేదు!” అని వెనకనుంచి కేకలు. పాపం, ముఖం కందిపోయి దిగిపోయింది. తర్వాత నేను. హిందీ, గుజరాతీ కలిపి మా వాడకట్టు ఆడవాళ్ల పని గురించి చెప్పాను. ప్రతి మాటా చివరి గోడ దాకా వెళ్లింది. ఎవరూ నవ్వలేదు. దిగాక లోపల పండగే.

“కృపాకు మైకు పెట్టండి, మళ్లీ చెబుతుంది” అన్నారు నయనాబెన్.

నాకు ఒళ్లు మండింది. అందరి ముందే అడిగేశాను. “నన్ను నవ్వుల పాలు చేసినదానికి మైకా? నాకెవరిచ్చారు బెన్?”

“నీకు హాలు ఇచ్చాను. ఆమెకు మైకు ఇస్తున్నాను. ఇద్దరి మాటా పూర్తిగా విన్నాకే మార్కులు.”

కృపా మైకు పట్టుకుని మొదలుపెట్టే ముందు నా వైపు చూసి “సారీ” అంది. అది హాలంతా వినిపించింది. ఆ ఏడాది ఇద్దరం పాసయ్యాం.

ఇప్పుడు సెమినార్లు నా చేతిలో ఉన్నాయి. పెద్ద హాలా, చిన్న గదా, నిలబడా, కూర్చునా, ఏ భాషలో అని ప్రతి ఒక్కరినీ ముందే అడుగుతాను. “ఇంత గారాబం చేస్తే ఎలా?” అని తోటి అధ్యాపకులు సణుగుతుంటారు. నా గొంతు ఏమీ తగ్గలేదు కాబట్టి జవాబు కారిడార్ చివరిదాకా వినిపిస్తుంది. మొన్న నత్తి ఉన్న ఒక విద్యార్థి నా గదిలో, నా ఒక్కదాని ముందే చెబుతానన్నాడు. ఒక్కో మాట దగ్గర ఆగిపోతుంటే, ఆ మాట నేనే అందించేద్దామని నాలుక కొస దాకా వచ్చింది. అందించలేదు. అతను ముగించేదాకా కూర్చున్నాను. నాలాంటిదాన్ని అంతసేపు నోరెత్తకుండా కూర్చోబెట్టడం నయనాబెన్‌కు తప్ప ఎవరికీ చేతకాదు.