జేబులో తీగ

కంప్యూటర్ డబ్బా మూత తీసే ముందు ముసలి మెకానిక్ కరెంటు తీగ పీకి, చుట్టచుట్టి, చొక్కా జేబులో పెట్టుకునేవాడు. తీగ తన దగ్గరున్నంతసేపు లోపల నిశ్చింతగా చేతులు పెట్టొచ్చు. ఈ అలవాటు అల్లుడికి నేర్పిందీ ఆయనే.

కొట్టు అల్లుడి చేతికి వచ్చాక, ముసలాయన మతిమరుపు వల్ల ఆ తీగలు జేబులోనే ఇంటికి వెళ్లిపోవడం మొదలైంది. పొద్దున్నే వచ్చినవాళ్ల ముందు అల్లుడు జేబు చూపించమనేవాడు, ఇవాళేం కాజేశారో చూద్దామనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. ఇక ఇంటిపట్టున కూర్చోమని అల్లుడు పోరుతూనే ఉన్నాడు. బల్ల ముందు ఆ స్టూలు కూడా పోతే పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలో ఆయనకు తెలియదు.

ఆ రోజు ఒకతను డబ్బాలో రంగుల ఎల్‌ఈడీ పట్టీ పెట్టించుకోవడానికి వచ్చాడు. కాలు నిలవని మనిషి. ముసలాయన తీగ పీకి జేబులో పెట్టుకున్నాడు. పట్టీ అంటించాడు. బోర్డు మీద మూడు పిన్నుల చోటు వెతికి, వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని కనెక్టర్ ఆనించాడు.

ఇంకా ఎంతసేపని వచ్చినతను గుమ్మం బయట పచార్లు చేస్తూనే విసుక్కున్నాడు. ఇదిగో వెలుగుతుంది చూడండంటూ అల్లుడు సొరుగులోంచి ఇంకో తీగ లాగి, డబ్బా వెనక గుచ్చి, బటన్ నొక్కాడు.

ఫ్యాన్ గిర్రున తిరిగింది. ముసలాయన చెయ్యి అదిరింది. కనెక్టర్ ఒక పిన్ను పక్కకి జారింది. చిటుక్కున మెరుపు, మాడు వాసన. బోర్డు పోయింది.

అల్లుడే ముందు తేరుకున్నాడు.

"తీగ పీకకుండా చెయ్యి పెట్టొద్దని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను కదా మామయ్యా."

ముసలాయన కంగారుపడలేదు. జేబులోంచి తీగ తీసి బల్ల మీద పెట్టాడు. "నేను పీకింది ఇదిగో."

"అది నిన్న మీరు ఇంటికి పట్టుకెళ్లింది. ఆ చొక్కా కూడా నిన్నటిదే."

వచ్చినతనికి అంత కోపంలోనూ నవ్వాగలేదు.

ముసలాయన గల్లాపెట్టె దగ్గరున్న కూతురి వైపు తిరిగాడు. ఆమె అంతా చూసింది. తెరిచిన సొరుగు ఆమె మోకాలి పక్కనే ఉంది.

"నువ్వు చెప్పమ్మా."

ఆమె మొగుడి ముఖం చూసింది. వచ్చినతని ముఖం చూసింది.

"నిన్నటిదే నాన్నా," అని మోకాలితో సొరుగు మూసింది.

ఆయన తన చొక్కా వంక చూసుకున్నాడు. పొద్దున మార్చుకున్నట్టే గుర్తు. అయినా నిన్నటిదేనేమో అనిపించింది. అల్లుడు ఆయన స్టూలు లాగి, వచ్చినతన్ని కూర్చోమన్నాడు.