బావ చెరిపిన నోరు

తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళ గురించి చాలా విన్నాను. తడిగుడ్డతో తలలు కాపాడే మనిషిని మాత్రం మా బావ ఒక్కడినే చూశాను. వాళ్ళింటి వెనక గదిలో అరల నిండా మట్టి తలలు. ఒక్కో తలకీ ఒక తడిగుడ్డ, దానిపైన ప్లాస్టిక్ కవరు. మట్టి తడిగా ఉన్నంతకాలం ముక్కు సరిచేయొచ్చు, చెవి పీకి మళ్ళీ పెట్టొచ్చు. ఆరిందంటే ఇక అంతే, తల పూర్తయిపోయినట్టే. మా బావకి పూర్తవడమంటేనే భయం. అందుకని పొద్దున్నే పళ్ళు తోముకోగానే ఆయన చేసే మొదటి పని తలల గుడ్డలకి నీళ్ళు చల్లడం. అక్క ఇచ్చిన టీ ఈలోగా చల్లారిపోయేది.

"ఆ నీళ్ళు మొక్కలకి పోసుంటే ఈపాటికి కాయలు కాసేవి బావా," అనేదాన్ని.

"నీకేం తెలుసులే. ఆ ముక్కు దగ్గర ఇంకా ఏదో తేడాగా ఉంది," అనేవాడు.

ఆయనకి తేడా కనపడని ముక్కు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. మా పెళ్ళిళ్ళు కాకముందు మొదలుపెట్టిన తల కూడా ఆ అరల్లో ఒకటి ఉంది. ఆ తల ఎవరిదో వాళ్ళే వచ్చి చూసినా గుర్తుపట్టరు, అన్నిసార్లు చెరిపి చేశాడు.

ఆయన ఉద్యోగం బట్టల కొట్ల అద్దాల వెనక నిలబెట్టే బొమ్మల ఫ్యాక్టరీలో, ముఖాల సెక్షన్‌లో. అచ్చులోంచి వచ్చిన ముఖం మీద గుంట ఉంటే పుట్టీ పెట్టి పూడ్చాలి. గరుకు కాగితంతో రుద్దాలి. కుడి బుగ్గ, ఎడమ బుగ్గ ఒకేలా ఉన్నాయో లేదో రెండు కాళ్ళ ఇనుప కొలతపుల్లతో చూసుకోవాలి. బావ చెయ్యి పడితే గీత కనపడదని అక్కడ పేరు. ఆ అలవాటే ఇంటికొచ్చి కొంప ముంచింది.

నా సంగతి కూడా చెప్పాలి. బస్సు డిపోలో ఫిర్యాదుల కౌంటరు నాది. జనం తిట్టేదంతా రోజల్లా నవ్వుతూ విని, మింగిన కోపాన్ని సాయంత్రం అక్కావాళ్ళింటికి మోసుకొస్తాను. మేముండేది వాళ్ళ పై అంతస్తులోనే. అందుచేత ఈ కథలో నేను అరిచిన చోట్లు ఎక్కువే ఉంటాయి. ఏమీ అనుకోకండి.

అక్కకి కింది దవడలో ఎడమవైపు నొప్పి మొదలైతే పంటి నొప్పే అనుకున్నాం. పన్ను పీకించుకుంది. నొప్పి పోలేదు, వాపొకటి తోడైంది. చివరికి పెద్దాసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. తర్వాత డాక్టరమ్మ మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. దవడ ఎముకలో గడ్డ ఉంది, ఎడమ సగం తీసెయ్యాలి. ప్రాణానికి భయం లేదు గానీ ముఖం మారుతుంది. బుగ్గ లోపలికి పోతుంది, నోరు ఒక పక్కకి లాగుతుంది, మాట కూడా స్పష్టంగా ఉండదు.

అక్క తలూపుతూ వింది. బావ తన బుగ్గ మీద వేలితో గీసి చూపిస్తూ, "ఎంత మేరకు లోపలికి పోతుంది? ఇక్కడిదాకానా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. డాక్టరమ్మ ఉందని ఊరుకున్నాను.

ఇంటికి రాగానే ఆయన చెప్పిన మాట, "నీ ముఖం ఉన్నది ఉన్నట్టు మట్టిలో చేసి పెడతాను. ఎక్కడికీ పోదు," అని. అక్క సరేనంది. వంటగదిలోకి వచ్చి గిన్నెలు తోముతూ నాతో వేరే మాట చెప్పింది.

"కొట్లో బొమ్మ మీద గీత పడితే ఆ రోజు అన్నం సయించని మనిషే ఈయన. రేపు నా వైపు చూస్తారంటావా? ఆ మట్టి తలని చూసుకుంటూ కూర్చుంటారేమో. ఆపరేషనంటే భయం లేదే నాకు. ఇంటికొచ్చాక సంగతే భయం."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, "చూడకపోతే మెడ పట్టుకుని తిప్పుతాను," అన్నాను. అక్క నవ్వింది. అక్క నవ్వితే పెదవి ముందు ఎడమవైపు లేచేది, కుడివైపు తర్వాత మెల్లిగా వచ్చి కలిసేది.

ఇక రోజూ అదే పని. బావ ఫ్యాక్టరీ నుంచి రాగానే అక్కని కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. నుదురు వచ్చింది. కళ్ళు ఎంత బాగా వచ్చాయంటే, నేను ఆ గదిలో బావని తిట్టాలంటే మొహమాటపడేదాన్ని, అక్క వింటోందేమోనని. నోరు మాత్రం రాలేదు. కొలతపుల్ల పెట్టి చూస్తే రెండు కొసలూ సమానంగా లేవు. సమానం చేస్తే కొట్లో బొమ్మయి కూర్చునేది. చెరిపేవాడు. మళ్ళీ చేసేవాడు.

"మూతి కదపకు. మాట్లాడకు," అనేవాడు.

నోటినిండా మాట్లాడగలిగిన చివరి రోజుల్లో మా అక్కని మాట్లాడొద్దన్న ఘనుడు మా బావ. ఆమె వాపునీ భయాన్నీ రెంటినీ పెదవుల మధ్య బిగబట్టుకుని కూర్చునేది. అలా బిగబట్టుకున్న నోరు ఎవరికి మాత్రం వస్తుంది.

ఆసుపత్రిలో చేరబోయే ముందటి సాయంత్రం నేను డిపో నుంచి నేరుగా ఆ గదిలోకే వెళ్ళాను. ఒక పెద్దాయన ఇచ్చిన ఫిర్యాదు అక్కకి చెప్పకుండా ఉండలేకపోయాను. రోజూ ఆలస్యంగా వచ్చే బస్సు ఆ రోజు టైముకి వచ్చిందట. ఆ ఆలస్యాన్ని నమ్ముకుని తీరిగ్గా బయల్దేరిన తను ఎక్కలేకపోయాడట. డ్రైవరు మీద చర్య తీసుకోవాలట. అక్క ఆపుకోలేక నవ్వేసింది. మాట్లాడొద్దని బావ కసరబోయి ఆగిపోయాడు. కొలతపుల్ల పక్కన పడేసి, బొటనవేలితో అటొకసారి ఇటొకసారి నొక్కాడు. అంతే, నోరు వచ్చేసింది. అచ్చం మా అక్క నోరు, ఇంకా ఏదో అనబోతున్నట్టు.

ముగ్గురం చాలాసేపు దాన్నే చూశాం.

"ఇక ముట్టుకోకండి," అంది అక్క.

"ముట్టుకోను."

"నాకు మాటివ్వండి."

ఇచ్చాడు. మట్టి చేతులతోనే ఆమె చెయ్యి పట్టుకుని మరీ ఇచ్చాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆడవాళ్ళ వార్డు కాబట్టి అక్క దగ్గర నేనున్నాను. బావ, రోగుల్ని చూడనిచ్చే వేళకి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, కట్లని చూసి వెళ్ళేవాడు. ఒక మధ్యాహ్నం అక్కకి మార్చే బట్టలు తెద్దామని ఇంటికొచ్చాను. వెనక గది తలుపు తీసి ఉంది. అక్క తల మీద గుడ్డ తీసేసి ఉంది. అక్క కళ్ళున్నాయి, ముక్కుంది. ముక్కు కింద గడ్డం దాకా నున్నగా ఉంది.

"ఎడమ కొస కొంచెం ఎత్తుగా ఉందనిపించింది," అన్నాడు బావ. "కొంచెమే తగ్గిద్దామనుకున్నాను. తగ్గిస్తే కుడిది ఎత్తయింది. దాన్ని తగ్గిస్తే మళ్ళీ..."

"మళ్ళీ?"

"ఊరికే కూర్చోలేకపోయాను. అక్కడ మీ అక్క ముఖాన్ని వాళ్ళు ఏం చేశారో తెలీదు. ఇక్కడ ఇదొక్కటైనా సరిగ్గా ఉండాలనిపించింది."

"ఇప్పుడు ఎవరిని చూసి చేస్తావ్ బావా? ఎక్కడుందని ఆ నోరు?"

"గుర్తుంది. చేస్తాను," అన్నాడు. చెయ్యి మట్టి దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. ఇంకొకసారి వెళ్ళి వెనక్కొచ్చింది. నేను ఓదార్చలేదు. నోటికొచ్చినవన్నీ అన్నాను, అవి ఇక్కడ రాయదగ్గవి కావు. బట్టలు సంచిలో కుక్కుకుని, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాను. బస్సులో మాత్రం ఏడుపు ఆగలేదు.

ఆ రోజు ఆ తల మీద గుడ్డా కవరూ కప్పేసి వచ్చిన మనిషి మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళలేదు. గుడ్డలకి నీళ్ళు చల్లేవాళ్ళు లేరు. అరల్లో తలలన్నీ ఎండి పగుళ్ళిచ్చాయి.

అక్క ఇంటికొచ్చింది. బావ ఇల్లు తుడిచాడు, మందులు వేళకి తెచ్చాడు, దుప్పట్లు ఉతికాడు. పేరు పెట్టడానికి లేదు. చూపు మాత్రం ఆమె ముఖం మీద నిలిపేవాడు కాదు. ఆమెతో మాట్లాడుతూ ఆమె దిండుని చూసేవాడు, గోడ గడియారాన్ని చూసేవాడు. కుడివైపు నుంచి చెంచాతో కొంచెం కొంచెంగా పాలు పట్టాలి. నువ్వు పట్టవేం అని అడిగితే, చెయ్యి వణుకుతోందన్నాడు. బొమ్మల కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటే గీసే చెయ్యి అది. అక్క అంతా కనిపెడుతూనే ఉంది. ఆయన గదిలోకి వస్తే తువ్వాలు బుగ్గకి అడ్డం పెట్టుకునేది. వంటగదిలో తను చెప్పిన మాట అక్షరాలా జరుగుతుంటే, నేను మెడ తిప్పడం కాదు కదా, మధ్యలో నోరు కూడా ఎత్తలేకపోయాను.

ఒక ఆదివారం పొద్దున అక్క గోడ పట్టుకుని వెనక గదికి నడిచింది. నేనూ బావా వెనకే వెళ్ళాం. మాట ముద్దముద్దగా వచ్చేది, నాకు అలవాటై అర్థమయ్యేది. బావకీ అర్థమైంది.

"తల చూపించండి," అంది.

ఆయన కదల్లేదు. ఆమే కవరు తీసింది. గుడ్డ ఎండి మట్టికి అతుక్కుపోతే మెల్లిగా ఊడదీసింది. చూసింది. నేను ఏడుస్తుందనుకుని దగ్గరికి వెళ్ళాను. ఏడవలేదు. వెనక్కి తిరిగి ఆయనతో అంది:

"డాక్టరు సగమే తీసింది. మీరు మొత్తం తీసేశారు."

"సరిగ్గా రావాలని..." అన్నాడు బావ.

"వచ్చింది కదా ఆ రోజు. చూశాం కదా."

ఆయన మూతపెట్టిన బకెట్లోంచి మట్టి ముద్ద తీసి, ఇప్పుడే చేస్తానంటూ ఆ ఎండిన గడ్డం మీద అద్దాడు. అది జారి నేల మీద పడింది. ఎండిన మట్టికి పచ్చి మట్టి అతకదు. పుట్టి బుద్ధెరిగాక ఇదే పని చేసిన మనిషి ఆ సంగతి కూడా మర్చిపోయాడంటే ఎంత బెంబేలెత్తిపోయాడో చూడండి. మళ్ళీ తీసి అద్దాడు. మళ్ళీ పడింది.

"ఇక దాన్ని వదిలెయ్యండి," అంది అక్క. స్టూలు తనే కిటికీ దగ్గరికి ఈడ్చుకుంది. తువ్వాలు తీసి నా చేతిలో పడేసింది. "కొత్తది చెయ్యండి."

"ఎలా?"

"ఎలా ఏమిటి? ఉన్నాను కదా. ఇలాగే."

బావ మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ కొలతపుల్ల కోసం చెయ్యి చాపితే, అక్క దాన్ని తీసుకుని తన కింద పెట్టుకుని కూర్చుంది. ఇక ఆయన కళ్ళెత్తక తప్పింది కాదు. ఎత్తేవాడు, ముఖానికి తగిలీ తగలకముందే దించేసేవాడు. ఎండ కిటికీలోంచి జరిగి గోడెక్కేసరికి ఒక ముఖం తయారైంది. నేను వెళ్ళి చూశాను. ఎడమ బుగ్గ గుంట సగానికి పైగా పూడ్చేశాడు. నోటి వంకరని సర్దేశాడు. అది అక్క కాదు, అక్కకి పెళ్ళి సంబంధం చూసేటప్పుడు చూపించిన ఫొటోలా ఉంది. గుంట కనపడితే పూడ్చడం ఆ చేతికి వచ్చిన పని, ఆయన్ని అడక్కుండానే చేసేసింది.

అక్క స్టూలు దిగొచ్చింది. మట్టి బుగ్గని తడిమింది, తన బుగ్గ తడుముకుంది.

"ఎవరిది?"

"కొంచెం తగ్గిస్తే బాగుంటుందని..."

"ఎవరికి బాగుంటుంది?"

దానికి జవాబులు నా దగ్గర బోలెడున్నాయి. కానీ అడిగింది నన్ను కాదు.

అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. బొటనవేలిని తన బుగ్గ మీద, ఎముక లేని చోట పెట్టుకుంది. ఆయన వెనక్కి లాక్కోబోయాడు. వదల్లేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి మా బావ మా అక్క ముఖంలోకి చూశాడు. కుట్ల గీతని చెవి దాకా చూశాడు, లాగిన పెదవిని చూశాడు. ఆయనకి కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. అయినా చూపు తిప్పలేదు.

"నొప్పిగా ఉంటోందా?" అని అడిగాడు. ఇన్నాళ్ళూ ఆ ఒక్క ముక్క అడగలేదు ఆయన.

"ఉంటోంది."

ఆ వేలినే తీసుకెళ్ళి మట్టి మీద పెట్టింది. "నొక్కండి."

నొక్కాడు, పైపైన.

"ఇంకా."

మట్టి లోపలికి దిగింది. దాంతోపాటు నోటి కొస తనంతట తనే లాక్కుపోయింది. గుంటలో ఆయన వేలి గీతలు పడ్డాయి. వాటిని నున్నగా చేయడానికి ఆయన రెండో చెయ్యి లేచింది. గాల్లోనే ఆగింది. ఆయన ఆ చేతిని చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఇంకా నొక్కనా?" అని అడిగాడు.

"నన్నడుగుతారేం? నా ముఖం నాకు కనపడదు కదా. మీరు చూసి చెప్పండి."

బావ చూశాడు. ఆమెనే చూశాడు, మట్టిని కాదు.

"చాలు," అన్నాడు.