ఎడమ చేతి కర్ర

రెంజల్ మండలంలో నాట్లు మొదలయ్యాయంటే గంగమణి కోసం కబురు రాని పొలం ఉండేది కాదు. పన్నెండు మంది ఆడవాళ్ల ముఠాకు ఆమె మేస్త్రి. బురదలో వంగి, వెనక్కి వెనక్కి జరుగుతూ నారు నాటడంలో ఆమెను దాటినవాళ్లు లేరు. ఇక గట్టెక్కి నడక మొదలుపెడితే వెనకాల వచ్చేవాళ్లు పరుగెత్తాల్సిందే. "అక్క కాళ్లకు పిండి గిర్నీ పట్టా తొడిగిండ్రే!" అని జతగత్తె దేవవ్వ ఆయాసపడుతూ నవ్వేది.

అరవై దాటాక ఆ కాళ్లలో ఒకటి మొరాయించింది. మొదట్లో పొద్దున మంచం దిగగానే కుడి తుంటి పట్టేసినట్టుండేది. తర్వాత గజ్జల్లో నొప్పి దిగింది. ఏడాది తిరిగేసరికి, కుడి అడుగు వేసినప్పుడల్లా ఒళ్లంతా అటువైపు ఒరిగిపోవడం మొదలైంది. కొడుకు ఒక వెదురు కర్ర చెక్కి ఇస్తే కుడి చేత్తో పట్టుకుంది. నొప్పి ఎటుంటే ఊత అటు. ఇందులో ఒకరిని అడగాల్సిందేముంది?

అప్పటికే ఆడవాళ్లకు బస్సుల్లో టికెట్ డబ్బులు తీసేశారు. ముఠాలో వాళ్లంతా చుట్టాల ఊళ్లన్నీ చుట్టేస్తున్నారు. గంగమణికి మాక్లూర్‌లో ఉన్న చెల్లెలు భూమవ్వను చూడాలని మనసు పీకుతోంది. చూసి ఆరేళ్లయింది. ఒక సోమవారం దేవవ్వను తోడు తీసుకుని, అటు పోయే నిజామాబాద్ బస్సు కోసం నిలబడింది.

బస్సు వచ్చింది. మెట్టు మోకాలి కంటే ఎత్తుంది. కుడి కాలును చేత్తో పట్టి పైన పెట్టి, దాని మీదే ఒళ్లు లేపబోయింది. తుంటిలో కలుక్కుమంది. దేవవ్వ వెనక నుంచి తోసింది. కండక్టర్ పైనుంచి చెయ్యి అందించాడు. లోపల ఎవరో "జల్ది, జల్ది" అన్నారు. గంగమణి కాలు దింపేసింది.

"పోనియ్యి బిడ్డా. నీ బస్సు ఫ్రీ అయింది గని, నీ మెట్టు ఫ్రీ కాలె!"

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. బస్సు కనుమరుగయ్యాక మాత్రం కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. దేవవ్వ చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఆ సంగతి తెలిసి కోడలు శైలజ మర్నాడే ఆటో మాట్లాడింది. బోధన్‌లో డాక్టరు ఎక్స్‌రే చూసి, కీలు కొంత అరిగిందనీ, ఆపరేషన్ దాకా రాలేదనీ, ముందు కండరాలకు బలం రావాలనీ చెప్పి పక్క గదికి పంపాడు. అక్కడ ఫిజియోథెరపిస్టు స్నేహలత ఉంది. ముప్పయ్యేళ్లుంటాయేమో. మందుల చీటీ రాస్తుందనుకుంటే, "అవ్వా, గా గోడ దాకా నడిచి రా" అంది. నడిచింది. "ఇప్పుడు గోడ పట్టుకొని కుడికాలు మీద ఒక్కదాని మీదనే నిలబడు" అంది. నిలబడితే ఎడమవైపు నడుము కిందికి జారిపోయింది.

"కర్ర చెయ్యి మార్చాలె అవ్వా. ఎడమ చేతుల పట్టు."

గంగమణి కోడలి వైపు చూసింది. "గీ పిల్లకు నొప్పి ఏ దిక్కున్నదో సమజైనట్టు లేదు. శైలూ, జర మళ్లీ చెప్పు."

స్నేహలత నవ్వి, ఆ కర్రనే తీసుకుంది. కుర్చీ వీపు మీద అడ్డంగా పెట్టింది. ఒకవైపు జానెడు కొస, మరోవైపు మూరెడు కొస. పొడుగు కొసకు తన బ్యాగు తగిలించి, "బ్యాగు కింద పడకుండ చిన్న కొసను నువ్వు వత్తిపట్టు" అంది.

గంగమణి వత్తింది. ఒక చెయ్యి చాలక రెండు చేతులూ వేసింది.

"ఇంత బరువున్నదేంది? ఇటుకలు మోస్తున్నవా?"

"రొట్టెల డబ్బా, నీళ్ల సీసా, గంతే. కుర్చీ నీ తుంటి కీలు అనుకో. బ్యాగు నీ ఒళ్లు. నువ్వు వత్తుతున్న జానెడు కొస, పిరుదు పక్కన ఉండే కండ. ఎడమకాలు లేపినప్పుడల్లా కుడి దిక్కు కండ ఇట్లనే గుంజిపట్టాలె. లేకుంటే నడుము జారుతది. ఒంటి బరువు, కండ గుంజుడు, రెండూ కుర్చీ మీదనే పడుతున్నయి కదా? అందుకే నడిచేటప్పుడు కీలు మీద ఒంటి బరువుకు రెండు మూడింతలు పడతది. కండకు శాతకాక నువ్వు కుడికి ఒరుగుతున్నవ్, బ్యాగును కుర్చీ దగ్గరికి జరిపినట్టు."

"మరి కర్ర?"

స్నేహలత ఒక వేలితో బ్యాగు ఉన్న కొసను కింద నుంచి కొంచెం ఎత్తింది. గంగమణి చేతుల కింద భారం ఇట్టే తేలిపోయింది.

"ఇదే ఎడమ చేతి కర్ర. దూరపు కొసను కొద్దిగ ఆపితే సాలు."

గంగమణి బ్యాగు తీసి పక్కన పెట్టింది. కర్ర ఎడమ చేతిలోకి తీసుకుని, కుడి కాలుతో పాటే దాన్నీ ముందుకు వేస్తూ గోడ దాకా పోయి వచ్చింది. మళ్లీ పోయింది. మూడోసారి, స్నేహలత పిలిచినా ఆగలేదు.

"బకెట్ మోయాలంటే?" అని తలుపు దగ్గర నుంచి అడిగింది.

"సగం బకెట్టే, కుడి చేతుల. చిన్న కొస మీద బరువేసినట్టన్నమాట."

ఇంట్లో కసరత్తులు మొదలయ్యాయి. ఎడమ పక్కకు తిరిగి పడుకుని కుడికాలు పైకి లేపాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి. గడప ముందు రాతి మెట్టు ఎక్కి దిగాలి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు. మొదటివారం ఐదుసార్లు కాలు లేపేసరికే శైలజను తిట్టేది. రెండో నెలకు పాతికసార్లు లేపి, లెక్క తప్పుగా చెప్పిందని శైలజతో కొట్లాడేది.

ఊళ్లో నవ్వులకు కొదవలేదు. టీ కొట్టు ముందు కూర్చునే రామ్‌దాస్‌కు డెబ్భై ఏళ్లు. ఎడమ మోకాలి నొప్పి, కర్రా ఎడమ చేతిలోనే. ఆయన గట్టిగానే అరిచాడు.

"ఏం చెల్లె, నొప్పి ఒక దిక్కు, కర్ర ఒక దిక్కు! మతి గిన పోయిందా?"

"నీది ఏ మోకాలు అన్నా?"

"ఎడమది."

"లేసి కర్ర కుడి చేతుల పట్టు. గా కరెంటు స్తంభం దాకా పోయిరా. తేడా లేకుంటే నా కర్ర ఇరగ్గొట్టి పొయ్యిల పెట్టు."

నలుగురి ముందు పట్టింపు కదా, రామ్‌దాస్ లేచాడు. స్తంభం దాకా పోయి వచ్చాడు. కూర్చుని చల్లారిన టీ తాగాడు. ఇంటికి పోయేటప్పుడు కర్ర కుడి చేతిలోనే ఉంది.

వానలు తగ్గుముఖం పట్టాక గంగమణి మళ్లీ బస్సు దగ్గర నిలబడింది. ఒక చేత కర్ర, మరో చేత కమ్మీ పట్టుకుంది. బస్సెక్కించడానికి వచ్చిన దేవవ్వ వెనక నుంచి సాయం పట్టబోయింది.

"చెయ్యి తియ్యి!"

ఎడమకాలు మెట్టు మీద పెట్టింది. ఒక్క బిగువుతో ఒళ్లు పైకి లేచింది. కుడికాలు వెనకే వచ్చి చేరింది. రెండో మెట్టు. మూడోది. లోపలికి పోయి కిటికీ పక్కన కూర్చుని, ఆధార్ కార్డు తీసి కండక్టర్‌కు అడగకముందే చూపించింది.

నొప్పి పూర్తిగా పోయిందని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు. చలిపొద్దుల్లో తుంటి ఇంకా సలుపుతుంది. బురదలోకి మళ్లీ దిగలేదు. ముఠాను దేవవ్వకే అప్పజెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రమే గంగమణి గొంతు తగ్గుతుంది.

మాక్లూర్‌లో భూమవ్వ అక్కను చూసి, ఏడవాలో నవ్వాలో తెలియక ముందు తిట్టింది. అన్నం పెట్టాక చేనుకు తీసుకుపోయింది. పసుపు పంట నడుము ఎత్తు పెరిగింది. మధ్య వరసల్లో మక్కజొన్న కంకులు ముదురుతున్నాయి.

"లోపలికి రా అక్కా, కంకులు ఇరుద్దాం."

"గట్టు ఇరుకున్నదే. నాకూ కర్రకూ ఇద్దరికీ జాగ లేదు. నువ్వే ఇరుసుక రా."

భూమవ్వ ఒడి నిండా కంకులు తెచ్చి, మోటరు పక్కన గద్దె మీద కూలబడింది. మూడు పుల్లలు పేర్చి మంట పెట్టారు. కంకులు కాలుతుండగా ఆరేళ్ల ముచ్చట్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి.

"రేపే పోతవా?" అని అడిగింది భూమవ్వ.

"నాలుగు రోజులు ఉంట. గా కంకి తిప్పు, మాడుతున్నది."