నాగపూర్‌కు గాలిదారి

శివాజీ బిలాస్‌పూర్‌లో రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో టెక్నీషియన్. తాత శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. మూడు తరాలుగా రైల్వే క్వార్టర్లే వాళ్ల ఊరు. మేనత్త చిన్నతల్లి కూతురు ప్రసూననే శివాజీ పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు లేరు. ప్రసూన బట్టలు కుట్టేది. డ్యూటీ దిగి వచ్చి, మిషను పక్కన కూర్చుని ఆమె కబుర్లు వింటూ టీ తాగడం అతనికి ఇష్టం.

పోయిన వానాకాలం ఒక పొద్దున ప్రసూన బట్టలు ఆరేస్తూ తల పట్టుకుని కూలబడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. రాయ్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. రెండు రోజుల తర్వాత డాక్టర్ రమణమూర్తి శివాజీని గదిలోకి పిలిచి తెలుగులోనే చెప్పాడు. మెదడు చనిపోయింది, మిషన్ల సాయంతో గుండె మాత్రం కొట్టుకుంటోంది.

“నాగపూర్‌లో ఒక అమ్మాయి గుండె మార్పిడి కోసం ఎదురుచూస్తోంది. మీరు సరే అంటేనే.”

శివాజీకి తెలిసింది రైలు దారే. “నాగపూర్ అంటే ఐదు గంటలు సార్.”

“అది రైలుకి. గాలిలో తిన్నగా పోతే దూరం తక్కువ. గంట చాలు. బయటికి తీశాక గుండె నాలుగు గంటలు ఆగుతుంది.”

వరండాలో కూర్చున్న చిన్నతల్లికి శివాజీ ఆ మాట చెప్పాడు.

“అంటే నా పిల్ల గుండి అక్కడ కొట్టుకుంటాదేటి?”

“ఆఁ అత్తా.”

“అయితే ఇచ్చీరా. తగలెట్టీడం కన్నా నయం కదా.”

మర్నాడు మధ్యాహ్నం పోలీసులు దారి ఖాళీ చేయించారు. గుండె ఉన్న పెట్టెతో అంబులెన్స్ విమానాశ్రయానికి వెళ్లింది. అది చేరేసరికే ఆకాశం నల్లబడింది. ఉరుములతో కుండపోత వాన. విమానం లేవలేదు. వాన తెరిపిచ్చి, విమానం నాగపూర్ చేరేసరికి వేళ మించిపోయింది. ఆ గుండె ఇక పనికిరాదని అక్కడి డాక్టర్లు అన్నారు. కిడ్నీలు మాత్రం రాయ్‌పూర్‌లోనే ఇద్దరికి పెట్టారు. వాళ్లు తర్వాత కోలుకున్నారు.

గుండె సంగతి చెప్పడానికి రమణమూర్తి ఫోన్ చేసేసరికి శివాజీ శ్మశానం నుంచి అప్పుడే ఇంటికి వచ్చాడు.

“ఆ అమ్మాయి సార్?”

“ఇంకా ఎదురుచూస్తోంది.”

గుమ్మంలో చిన్నతల్లి పరామర్శకు వచ్చినవాళ్లతో అంటోంది, “నా కూతురు నాగపూర్‌లో ఉంది.” శివాజీ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చెప్పడానికి నోరు రాలేదు.

తర్వాతా రాలేదు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె మళ్లీ అన్నం తినడం మొదలుపెట్టింది. “ఆ పిల్ల ఎలాగుందిరా?” అని రోజూ అడిగేది. “బాగుంది” అనేవాడు.

దీపావళి వెళ్లాక ఒకరోజు పక్క క్వార్టరు గిరిబాబు షెడ్‌కు ఫోన్ చేశాడు. “అన్నా, మీ అత్త స్టేషన్లో ఉంది. నాగపూర్ టికెట్ తీసుకుంది.”

శివాజీ పరుగున వెళ్లాడు. చిన్నతల్లి ఒళ్లో సంచి పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది.

“ఎవరింటికెల్తావత్తా? గుండె పెట్టించుకున్నోళ్ల పేరూ ఊరూ చెప్పరు.”

“ఆసుపత్రిలో అడుగుతాను. ఒక్కపాలి చెవి ఆన్చి ఇని వచ్చెత్తాను.”

అతను ఆమె పక్కన కూర్చున్నాడు. వాన గురించి, విమానం గురించి, తను రోజూ ఆడిన అబద్ధం గురించి చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు.

“అయితే దాని గుండి ఇప్పుడు ఎక్కడుందిరా?”

శివాజీకి తెలియదు. ఆ రోజు డాక్టరును అడగాలని తోచలేదు. నాగపూర్ రైలు వచ్చింది, జనం ఎక్కారు, వెళ్లిపోయింది. ఆమె ఇంకా అతని ముఖంలోకే చూస్తోంది.