కింది లైనులో దొరికిన క్యారేజీ

ఆ స్టేషనులో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. రోడ్డు మీద లావుపాటి స్తంభాలు, స్తంభాల మీద టికెట్ల హాలు, హాలు మీద కింది లైను, దాని నెత్తిన అడ్డంగా పై లైను. పేరుకు కింది లైనే కానీ, అదీ మేడ మీదే ఉంది. అందుకే కొత్తవాళ్లు కింది లైను కోసం కిందికి దిగి, రోడ్డు మీద తేలి, తల గోక్కుంటూ మళ్లీ పైకి ఎక్కుతారు. అలా ఎక్కినవాళ్లకు మొదట కనబడేది హాలు మూలనున్న చిన్న కిటికీ. దాని మీద ‘పోయిన వస్తువులు’ అని బోర్డు. కిటికీ వెనక ఆమె.

వచ్చిన ప్రతివాడూ ‘దొరికిందా అక్కా?’ అని అడగడంతో స్టేషనులో ఆమెకు ‘దొరికిందక్క’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. గొడుగులు, ఒంటి చెప్పులు, ఒకసారి ఒక కట్టుడు పళ్ల సెట్టు – అన్నిటికీ చీటీ కట్టి, ఏ లైనులో, ఎటు వెళ్లే రైల్లో, ఎన్ని గంటలకు దొరికిందో రాసి అరల్లో సర్దుతుంది. కళ్లజోడు పోయిందని గుండెలు బాదుకుంటూ వచ్చిన పెద్దమనిషి నెత్తి మీదే కళ్లజోడు ఉంటే, ‘చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది బాబాయ్’ అని తీసి చేతిలో పెట్టింది.

పెళ్లికి ముందు ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసింది. అది మూతపడ్డాక పార్సెల్ ఆఫీసులో పదకొండేళ్లు. అదీ మూతపడింది. ‘నేను అడుగుపెట్టిన చోటల్లా తలుపులు మూసేస్తున్నారు, ఈ స్టేషనుకు తలుపుల్లేవు కాబట్టి బతికిపోయింది’ అని తనమీద తనే జోకు వేసుకుంటుంది. దారి అడిగినవాళ్లకు తలెత్తకుండానే చెప్పగలదు: పై లైనుకు ఎడమ పక్క ఎస్కలేటరు, ఊళ్లోకైతే రెండో ప్లాట్‌ఫారం, ఆసుపత్రికైతే నాలుగో నంబరు గేటు. ఆమెకు తెలియని మెట్టు ఆ స్టేషనులో లేదు.

ఆమె భర్త ప్రెస్సులో బైండరు. పాతికేళ్లుగా పుస్తకాలు కుట్టీ అంటించీ ఆయన వేళ్లకు బంక వాసన శాశ్వతంగా పట్టేసింది. మాట తక్కువ మనిషి. ఇంట్లో అత్తగారు, ఇద్దరు ఎదిగిన కూతుళ్లు, ఒకటే స్నానాల గది. ఆ హడావిడిలోంచి బయటపడి మొగుడూ పెళ్లాం ఎనిమిదింబావుకు కింది లైను రైలెక్కుతారు. ఇరవై అయిదు నిమిషాల ప్రయాణం. మొదటి ప్లాట్‌ఫారం మీద దిగగానే ఆయన పై లైను కోసం ఎస్కలేటరు ఎక్కుతాడు, ఆమె హాల్లోకి దిగుతుంది.

ఒక మంగళవారం పదిన్నరకు, రైళ్లు ఊడ్చే పిన్ని దొరికిన సామాన్ల సంచీ తెచ్చి కిటికీ దగ్గర పెట్టింది.

‘ఇవాళ పెద్దగా ఏం లేవమ్మా. రెండు గొడుగులు, ఒక పిల్లల టోపీ, ఇదిగో ఈ క్యారేజీ. ఇంకా వెచ్చగానే ఉంది పాపం, ఎవరికి పస్తో.’

దొరికిందక్క క్యారేజీ కేసి చూసింది. రెండు గిన్నెలు, పక్కన సొట్ట, పిడికి పచ్చ దారం. ఆ దారం చుట్టింది ఆమె చిన్న కూతురు. మూత తీయక్కర్లేకుండానే లోపల ఏముందో ఆమెకు తెలుసు. పొద్దున భర్త కోసం తనే పెట్టింది.

‘ఎక్కడ దొరికింది పిన్నీ?’

‘కింది లైన్లో. ఇటునుంచి వెనక్కి వెళ్లిన రైల్లో, ఆఖరి స్టేషన్లో.’

‘పై లైను కాదూ?’

‘నేను పై లైను ఊడ్చనే ఊడ్చను కదమ్మా!’

ఆమెకు బుర్ర తిరిగింది. ఆయన పై లైను ఎక్కడం ఆమె కళ్లారా చూసింది. అంటే, ఎస్కలేటరు ఎక్కడం చూసింది. మరి క్యారేజీ ఇంటివైపు వెళ్లే రైల్లోకి ఎలా వెళ్లింది? ఎవరైనా ఎత్తుకుపోయారా? అన్నం క్యారేజీ ఎత్తుకుపోయేదెవరు? ఎత్తుకుపోతే తినకుండా వదిలేస్తారా? చీటీ మీద వివరాలు రాసింది. ‘సొంతదారు’ అన్న చోట కలం ఆగిపోయింది. కాసేపు ఆలోచించి, ‘తెలియదు’ అని రాసింది. తన చేత్తోనే ఎందుకలా రాసిందో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం ఇంట్లో మామూలుగానే అడిగింది. ‘అన్నం తిన్నారా?’

‘ఆఁ. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది.’

‘క్యారేజీ ఏదీ?’

‘ప్రెస్సులో మర్చిపోయా.’

ఇంత నిబ్బరంగా అబద్ధమాడే మనిషితోనా ఇన్నేళ్లు కాపురం చేసింది? పోట్లాడదామంటే దేని గురించో తెలియదు. ఊరుకుందామంటే మనసు ఊరుకోదు. పైగా కూరలో ఉప్పు నిజంగానే ఎక్కువైంది. పొద్దున గరిటతో రుచి చూసినప్పుడు ఆమెకూ అలాగే అనిపించింది. తినకుండా ఆ సంగతి ఈయనకెలా తెలిసింది? ఒకవేళ తిన్నాడా? అయితే కిటికీ వెనక అరలో ఉన్నది ఎవరి క్యారేజీ?

మర్నాడు రైలు దిగాక ఆమె హాల్లోకి దిగినట్టే దిగి, నాలుగు మెట్లు వెనక్కి ఎక్కింది. ఆయన ఎస్కలేటరు మీద పైకి వెళుతున్నాడు. ఆమె వెనకే వెళ్లింది. పై ప్లాట్‌ఫారం మీద జనం కిటకిటలాడుతున్నారు, ఆయన లేడు. కటకటాల దగ్గరకు వెళ్లి కిందికి చూసింది. కింద, పట్టాల అవతల, రెండో ప్లాట్‌ఫారం మీద ఆయన నిలబడి ఉన్నాడు. ఎక్కింది ఒక వైపు, దిగింది ఇంకో వైపు. హాల్లోంచి వెళితే ఆమె కిటికీ ముందునుంచి వెళ్లాలి. అందుకని ఇలా చుట్టూ తిరిగి.

ఆమె గబగబా మెట్లు దిగింది. దిగి చూస్తే తాను ఉన్నది మొదటి ప్లాట్‌ఫారం మీద, పొద్దున రైలు దిగిన చోటే. రోజుకు వందమందికి దారి చెప్పే మనిషి తప్పు మెట్లు దిగింది. పట్టాల అవతల ఆయన ఆమెను చూశాడు. చెయ్యెత్తబోయి, సగంలో ఆపేశాడు. ఇంతలో ఇద్దరి మధ్యకూ రైలు వచ్చింది. అది వెళ్లిపోయేసరికి ఆయన ఎక్కి వెళ్లిపోయి ఉంటాడనుకుంది. వెళ్లలేదు. అక్కడే, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడి ఉన్నాడు.

పది నిమిషాల తర్వాత ఆయనే కిటికీ దగ్గరకు వచ్చాడు. ఆమె అందరినీ అడిగినట్టే అడిగింది.

‘ఏం పోయిందండీ?’

‘క్యారేజీ.’

‘ఏ లైన్లో?’

‘కింది లైన్లో.’

‘ఎటు వెళ్లే రైల్లో?’

వెనక ఇంకెవరో గొడుగు కోసం వచ్చి నిలబడ్డారు.

‘ప్రెస్సు మారింది,’ అన్నాడు చివరికి. ‘మన ఇంటికి రెండు స్టేషన్ల అవతలికి.’

‘ఎప్పుడు?’

‘ఎనిమిది నెలలైంది.’

‘ఎనిమిది నెలలుగా ఇంత దూరం నాతో వచ్చి, మళ్లీ వెనక్కి వెళుతున్నారా?’

‘ప్రెస్సు పదింటికి కదా తీసేది. టైముంటుంది.’

‘టైము గురించి కాదండీ నేనడిగింది! నాకెందుకు చెప్పలేదు?’

‘మొదటి రోజు అలవాటుకొద్దీ నీతోపాటు ఎక్కేశా. రెండోరోజు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటావని చెప్పలేదు. మూడోరోజు...’

‘ఎనిమిది నెలలా!’

‘అవి ఒక్కసారిగా రాలేదే. రోజుకొకటి చొప్పున వచ్చాయి.’

గొడుగు కోసం వచ్చినాయన ఫక్కున నవ్వి, దగ్గుతో సర్దుకున్నాడు.

‘మరి ఉప్పెక్కువైందన్నారు?’

‘వారం రోజులుగా ఎక్కువే అవుతోంది. నిన్న కూడా అయ్యే ఉంటుందనుకున్నా.’

ఆమెకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. గొంతు తగ్గించి, అడగక అడగక అడిగింది. ‘నాతో కూర్చోవాలనా?’

ఆయన నిజంగానే ఆలోచించాడు. ‘ఏమో. నువ్వు ఎక్కగానే నిద్రపోతావు కదా. స్టేషను వచ్చేసరికి ఎవరో ఒకరు లేపాలి.’

అవును, ఆమె నిద్రపోతుంది. ఇంటి పని తెమిల్చి ఎక్కేసరికి కళ్లు మూతలు పడతాయి. దిగేటప్పుడు భుజం మీద ఎవరో తడతారు. తట్టే చెయ్యి ఎవరిదో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. అది ప్రేమా, మొహమాటమా, ఒట్టి బద్ధకమా? పిచ్చి మొద్దు అని తిట్టాలనిపించింది. తిట్టలేదు. రిజిస్టరు పుస్తకంలో ఆయన చేత సంతకం పెట్టించుకుని క్యారేజీ ఇచ్చింది. నిన్నటి అన్నం పాసిపోయి ఉంటుంది, కడిగి తెచ్చుకోండి అని మాత్రం అంది.

‘రేపటినుంచి రావద్దు,’ అని ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. ‘గంట ఎక్కువ పడుకోండి.’ ఆయన సరేనన్నాడు. ఎందుకంత సులువుగా సరేనన్నాడన్నది ఇంకో బెంగ.

మర్నాడు ఒక్కతే ఎక్కింది. సీటు ఖాళీ ఉన్నా, నిద్రపడుతుందేమోనని ఇరవై అయిదు నిమిషాలూ నిలబడే వెళ్లింది. ఆ రోజు ఆసుపత్రికి దారి అడిగినామెను రెండో నంబరు గేటుకు పంపింది. పాపం, ఆమె తిరిగొచ్చి, ‘అక్కా, అటు చెప్పుల దుకాణం ఉంది’ అంది. వారమంతా అలాగే నడిచింది. ఆయన లేనందుకు బెంగా, ఉన్నప్పుడు ఎందుకున్నాడో తెలియనందుకు బెంగా అన్నది ఆమె తేల్చుకోలేకపోయింది.

ఆ తర్వాతి సోమవారం ఆమె చెప్పులు వేసుకుంటుంటే ఆయన కూడా చొక్కా తొడుక్కుంటూ గదిలోంచి వచ్చాడు.

‘వస్తున్నారా?’

‘చూద్దాం,’ అన్నాడు, గుండీలు పెట్టుకుంటూ.

‘చూద్దామంటే ఏంటండీ? రైలుకు టైమైంది.’

‘రమ్మంటే వస్తా.’

‘నేను రమ్మనలేదు.’

‘సరే.’

‘వద్దనీ అనలేదు.’

లోపల్నుంచి అత్తగారు, ‘మీరిద్దరూ పోతారా, ఉంటారా? తలుపు వేసుకోవాలి!’ అని కేకేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు ముందు గడప దాటారో తర్వాత అడిగితే ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు.

ఇప్పుడు ఆయన వారంలో రెండు రోజులు వస్తాడు, ఒక్కోసారి మూడు. ఏ రోజు వస్తాడో ముందుగా ఆయనకే తెలియదు. ఆమె అడగడం మానేసింది.