నూట పన్నెండు పేర్లు చెప్పిన అత్త

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను, ఎలాగూ దారిలో బయటపడుతుంది. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఊరికే కూర్చోలేక, మా వంశవృక్షాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నెత్తినేసుకున్నాను. అందులో నూట పన్నెండు పేర్లు మా మేనత్త సత్తెమ్మ చెప్పినవే. ఫోన్లో కొన్ని, ఇంటికి పోయినప్పుడు బియ్యంలో రాళ్లేరుతూ కొన్ని. అన్నీ ఎక్కించాను. ఆమె పేరు తప్ప.

మరిచిపోయి కాదు, ఆలోచించి మరీ. మా అవ్వ ఎల్లవ్వ, మొదటి పెనిమిటి పోతే, మూడేళ్ల సత్తెమ్మను చంకనేసుకుని మారుమనువులో మా తాత ఇంటికొచ్చింది. తర్వాత పుట్టినవాళ్లు పెద్దబాపు, మా నాయిన. తాత రక్తం ఉన్నవాళ్లే చెట్టులో ఉండాలని నేనొక నియమం పెట్టుకున్నాను. గొడ్డలి పట్టుకుని తోటమాలినని అనుకున్నాను.

నెలన్నర కింద ఆ పటాన్ని పెద్ద కాగితం మీద అచ్చువేయించి, అత్వెల్లిలో మా పెద్దబాపు కొడుకు నర్సింగన్న కట్టిన కొత్తింటి గృహప్రవేశంలో గోడకు తగిలించాం. షామీర్‌పేట నుంచి సత్తెమ్మత్త వచ్చింది. మనుమరాలితో పేర్లన్నీ చదివించుకుని చివరిదాకా విన్నది. అన్నం తిని వెళ్లిపోయింది. పోయిన వారం కబురొచ్చింది, ఈసారి పెత్రమాసకు రానని.

పెత్రమాస అంటే మా వైపు పోయిన పెద్దల పేరున బియ్యమిచ్చే అమావాస్య. అయ్యగారు నువ్వులు, నీళ్లు చేతిలో పోసి ఒక్కొక్కరి పేరు అడుగుతారు. తాత పేరు దాటితే మా ఇంటి మగవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. యాభై అరవై ఏళ్లుగా వరసపెట్టి చెప్పేది సత్తెమ్మత్తే. అమావాస్య ఇంక ఆరు రోజులుంది.

అందుకే శుక్రవారం పొద్దున్నే మల్కాజిగిరి స్టేషన్‌లో మేడ్చల్‌కు లోకల్ రైలు టికెట్ తీసుకున్నాను. పది రూపాయలు. చంకలో చుట్టిన పటం. పక్కన టిఫిన్ డబ్బాతో ఫ్యాక్టరీ డ్యూటీకి పోతున్నాయన బొల్లారం దాకా దాన్నే చూసి, ఉండబట్టలేక అడిగాడు.

"ఏ వెంచర్ సార్? గజం ఎంత నడుస్తాంది?"

లేఔట్ కాదు, మా కుటుంబమని చెప్పాను.

"అందరికి ప్లాట్లు వచ్చినయా మరి?"

"ఒకరికి రాలేదు. ఆ పని మీదే పోతున్నా."

ఆయన నిజంగానే జాలిపడ్డాడు. గౌడవెల్లిలో దిగుతూ, రిజిస్ట్రేషన్ మాత్రం జల్దీ చేయించుకోమని సలహా ఇచ్చిపోయాడు.

ఎనిమిది దాటాక మేడ్చల్‌లో దిగాను. బస్ డిపో దగ్గర ఇడ్లీ వడ తిని, షేర్ ఆటోలో అత్వెల్లి బయలుదేరాను. హైవే పక్కన ఇప్పుడు గోదాములు, దాబాలు, టైర్ల దుకాణాలు. నా చిన్నతనంలో ఇటంతా ద్రాక్షతోటలు. పెత్రమాసనాడు పిల్లలం ఆ తోటల కంచె దాకా ఎదురు పోయేవాళ్లం. సత్తెమ్మత్త షామీర్‌పేట నుంచి పొలాలకు అడ్డంపడి నడిచొచ్చేది. కొంగున ఒక మూట ఎప్పుడూ ఉండేది. తినేదేమోనని మేం లాగితే, "గది మీది గాదు" అని చేతిమీద కొట్టి, రైకలోంచి పుట్నాల పొట్లం తీసిచ్చేది. ఇప్పుడు ఆ కంచె ఎక్కడుండేదో చూపించమంటే చూపించలేను.

నర్సింగన్న ఇంట్లోనే ఉన్నాడు. భూములతో మొదలై ప్లాట్లలోకి, ప్లాట్లలోంచి రాజకీయాల్లోకి వచ్చిన మనిషి. ప్రేమగానే చాయ్ తాగించాడు. అత్తను చెట్టులో చేరుద్దామన్నాను. పటం విప్పకుండానే తల అడ్డంగా ఊపాడు.

"పెత్రమాసకు పిలువు తమ్మీ. మంచి చీర పెడుదాం, కారు తోలుత. కాగితం మీద మాత్రం వద్దు. తాత భూమి బేరంల ఉన్నది, నడుమ ఇంకో పేరెందుకు? పరేషాన్ అయితం."

తర్వాత పటం విప్పి, తాత పక్కనున్న పేరు మీద వేలు పెట్టాడు. మల్లయ్య. తాత తమ్ముడు.

"గీయన్ను సూడు. పెండ్లి లేదు, పిల్లల్లేరు, లొల్లి లేదు. చిన్నతాత అంటే గిట్లుండాలె."

మల్లయ్య గురించి నాకూ అంతకుమించి తెలియదు. ఏటా అత్త తాత పేరు చెప్పిన వెంటనే ఆయన పేరు చెప్పేది కాబట్టి తాత పక్కన కూర్చోబెట్టాను. భార్య ఎవరో ఎవరూ చెప్పలేదు కాబట్టి బ్రహ్మచారిని చేశాను. పరిశోధన అంటే ఇదేననుకున్నాను.

పది దాటాక మళ్లీ మేడ్చల్ వచ్చి షామీర్‌పేట బస్సెక్కాను. బస్సునిండా ఆడవాళ్లు, అందరికీ ఉచిత టికెట్. కండక్టరమ్మ నా దగ్గరికొచ్చి, "పైసలిచ్చేది నువ్వొక్కనివే పెద్దాయనా, మంచిగ కూసో" అంది. అంత గౌరవం నాకు ఆఫీసులో కూడా దొరకలేదు.

అత్త ఇల్లు చెరువు కట్టకు ఇవతల గల్లీలో. గడపలో కూర్చుని పుంటికూర తెంపుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"వచ్చినవా అల్లుడా. ఆ సుట్ట మళ్ల తెచ్చినవేంది, ఇంకోసారి సదివించుతవా?"

తప్పయిందన్నాను. ముందు తినమంది. జొన్నరొట్టె, పుంటికూర, గిలాసెడు సల్ల. తింటున్నంతసేపూ మోకాళ్ల నొప్పులు, మనుమరాలి చదువు, చెరువులో నీళ్లు, అన్నీ మాట్లాడింది, ఆ ఒక్కటి తప్ప. తర్వాత తనే మంచం మీద పటం పరచమని, నాలుగు మూలలకు నాలుగు గిలాసలు పెట్టింది.

"మా అమ్మ యాడుంది?"

ఎల్లవ్వ పేరు మీద వేలు పెట్టాను.

"కింద ఎందరున్నరు?"

"ఇద్దరు."

"మా అమ్మ ముగ్గురిని గన్నది." కాసేపు ఆ రెండు పేర్ల మధ్య ఖాళీనే చూసింది. "నా పేరు లేదని నాకు కోపం లేదు. ముసల్దాన్ని, రేపో మాపో. ఆమె కడుపుల కెల్లి ఒకదాన్ని తీసేసినవు గదా. గట్ల చేయ నీకు చేతులెట్ల వచ్చినయి కొడుకా?"

తాత రక్తం లెక్కపెడుతూ కూర్చున్నానుగానీ, అవ్వ ఒళ్లో పెరిగినవాణ్ణి, ఆ లెక్కలో అవ్వే నాకు కనపడలేదు.

తర్వాత ఆమే అడిగింది, మల్లయ్యను ఎక్కడ పెట్టావని. కాస్త ఉత్సాహంగా చూపించాను. తాత తమ్ముడు, పెళ్లి కాలేదు అని చదివాను. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

"పెండ్లి కాకుంటే నేనెట్ల పుట్టిన్రా? ఆయన మా నాయిన."

తండ్రిని చేర్చి కూతుర్ని తీసేశానన్నమాట. మేం చిన్నప్పుడు లాగిన ఆ కొంగుమూటలో ఉన్నవి మల్లయ్య వంతు బియ్యం. తాత పేరు పక్కన ఆ పేరును అత్త తనంతట తాను కలపలేదు. కలపమన్నది మా తాత. పోయే ముందు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడట.

"బిడ్డా, నా పేరు పిలిచినప్పుడు నా పక్కనే మీ నాయిన పేరు గూడ పిలువు. ఇద్దరం కలిసే తింటం."

ఎవరిని చేర్చాలో నేను రెండేళ్లు కొట్టుకున్నాను. తాత ఆ పని ఎప్పుడో చేసిపోయాడు.

అక్కడే ఫోన్లో మా చెట్టు తెరిచాను. మల్లయ్యను తాత తమ్ముడి స్థానం నుంచి లేపి, ఎల్లవ్వకు మొదటి భర్తగా పెట్టాను. ఇద్దరి కింద సత్తెమ్మ. పేరు తెర మీద కనబడగానే అత్త దగ్గరికి జరిగి, ఒక్కో అక్షరం వేలితో తాకి చూసింది. పెత్రమాసకు వస్తావా అని అడిగాను.

"వస్త. మా నాయిన వంతు బియ్యం మాత్రం నేనే తెస్త. నర్సింగులు బియ్యం మాకొద్దు."

నాలుగింటికి సికింద్రాబాద్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక మాట. మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు బస్సులు తక్కువ, పొద్దున్నే పట్టుకోండి. మీరూ నాలాగే కుటుంబాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో ఉంటే ఇంకో మాట. చెట్టు అంటాంగానీ, నాకైతే ఇప్పుడది పెత్రమాసనాటి భోజనాల బంతిలాగే కనిపిస్తోంది. ఎవరికి పుట్టారని కాదు, ఎవరికి విస్తరి వేశామని చూసుకోవాలి. ద్రాక్షతోటలు పోయాయి, కాలిబాటలు పోయాయి. ఆ వరస ఒక్కటి అత్త నోట్లో బతికుంది.

తూముకుంట దాటాక ఇంకో పని మిగిలిందని గుర్తొచ్చి ఫోన్ తెరిచాను. ఆ డేటాబేసులో ఒకరిని మొదటి మనిషిగా పెడితే, మిగతా అందరి పేర్ల కింద వాళ్లకేమవుతారో అదే చూపిస్తుంది. ఇన్నాళ్లూ అక్కడ, ఆయన కోరిక మీదే, నర్సింగన్న ఉన్నాడు. తీసి సత్తెమ్మ అని పెట్టాను. మార్పు జరిగిందన్న కబురు బంధువులందరి ఫోన్లకూ వెళ్లింది.

హకీంపేట రాకముందే నర్సింగన్న ఫోన్.

"ఏందిరా తమ్మీ, నా ఫొటో కింద సత్తెమ్మ మేనల్లుడు అని వస్తాంది? అందరు ఫోన్లు జేస్తున్నరు. జల్దీ మార్చు."

"అది మార్చుడు నాకు రాదన్నా," అన్నాను. అరనిమిషం పని. ఇంతవరకూ మార్చలేదు.